కాటన్‌వుడ్ మొక్కలు కొలవబోయే చిట్టికి

చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి అమెరికాలో అల్బుకర్కీ దగ్గర, రియో గ్రాండే నది ఒడ్డు చిత్తడి నేలల్లో కాటన్‌వుడ్ మొక్కలు కొలిచే పని దొరికిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రిటైరయ్యాక కాలక్షేపానికని మొదలుపెట్టి నేను ఏళ్ల తరబడి చేసిన పనే అది. అందుకే అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తున్నా.

ఆ చెట్టు ఆకు చూడగానే నీకు మన రావి గుర్తొస్తుంది. తొడిమ బల్లపరుపుగా ఉంటుంది, అందుకే ఏ కాస్త గాలి తగిలినా గలగలలాడుతుంది. పంజాబ్, హర్యానా పొలాల్లో ప్లైవుడ్ కోసం పెంచే పాప్లర్ కూడా ఈ జాతే. మే, జూన్‌లలో దూదితో ఎగిరే గింజకు ఆయుష్షు వారం, మహా అయితే రెండు వారాలు. ఆలోగా ఎండ తగిలే తడి ఇసుక మీద పడితేనే మొలుస్తుంది. మొలిచాక నీటిమట్టం రోజుకు రెండున్నర సెంటీమీటర్ల కంటే వేగంగా దిగిపోతే వేరు దాన్ని అందుకోలేదు. పూర్వం మంచు కరిగి వచ్చే వరదలు ఆ నేలను తయారుచేసి పెట్టేవి. 1970లలో ఎగువన కొచిటీ డ్యామ్ వచ్చాక ఆ వరదలు తగ్గాయి. ఒడ్డున ఉన్న అడవిని అక్కడివాళ్లు బోస్కే అంటారు. అందులో ముసలి చెట్లే ఎక్కువ, వాటి కింద పిల్లలు తక్కువ. ఖాళీలన్నీ సాల్ట్ సీడార్, రష్యన్ ఆలివ్ అనే బయటి నుంచి వచ్చిన చెట్లు ఆక్రమించాయి. అందుకే ఈ నాట్లూ, జంతువులు మేయకుండా కంచెలూ, కొలతలూ.

ఇక అసలు సంగతి. నీ టేపులో కొన్ని మొక్కలు పోయినేటి కంటే పొట్టిగా తేలతాయి. కంగారు పడకు. నీరు అందకపోతే కాటన్‌వుడ్ తల ఎండబెట్టుకుని కింది నుంచి మళ్లీ చిగురేస్తుంది. నేను చేరిన మొదటి సంవత్సరం, పాత ఫారంలో 212 సెంటీమీటర్లని రాసి ఉన్న మొక్క నా కొలతలో 164 వచ్చింది. ముందువాళ్లు తప్పు రాసుంటారనుకుని, నేను పెద్ద తెలివిగా పాత అంకె కొట్టేసి, మొక్క పెరిగినట్టు కనిపించేలా 152 అని దిద్దాను. అలాంటివి ఇంకో ఆరు. చివరికి పాత ఫొటోలు చూస్తే తప్పు నాదేనని తెలిసింది. ఆ సంవత్సరం నీటిమట్టం పడిపోయి మొక్కలు తల వాల్చాయన్న కబురు నేను దిద్దిన ఆ అంకెల్లోనే ఉంది, నేను దాన్ని చెరిపేశాను. తగ్గితే తగ్గిందనే రాయి. పక్కన కారణం రాయి. చచ్చిన మొక్కకు సున్నా పెట్టు, గడి ఖాళీగా వదలకు. ఖాళీ గడి చూస్తే కొలవలేదనుకుంటారు.

కారణం కనిపెట్టడం నీకు కష్టం కాదు. ఆవుకు పైన ముందుపళ్లు ఉండవని మన ఇంట్లో చిన్నప్పుడే తెలుసు కదా, జింకా అంతే. లాగి తెంపుతుంది కాబట్టి కొస పీచులు పీచులుగా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. కాండం మొదట్లో వెడల్పు పళ్ల గాట్లుంటే బీవర్, అంటే నీటి ఒడ్డున ఉండి చెట్లు కొరికి పడేసే జంతువు. కంచె అన్నది దానికి పెద్ద లెక్క కాదు, కింద సందు చాలు. బీవర్ కొట్టేసిన మోడును వెంటనే చచ్చిందని రాయకు, మరుసటేడు పిలకలేయొచ్చు. అలాంటప్పుడు పిలకల సంఖ్య, అన్నిటికంటే పొడవైన దాని ఎత్తు రాయి.

కొమ్మ మీద మొగ్గ పొలుసులు రాలిన చోట సన్నని ఉంగరాల్లాంటి గీతలుంటాయి. ఆ గీతల నుంచి కొస దాకా ఈ ఏటి పెరుగుదల. ఒక ఏడు ఎవరూ కొలవకపోయినా మొక్క తన లెక్క అక్కడ దాచుకుంటుంది. ఈ ఒక్కటీ చూడ్డం అలవాటు చేసుకో, మిగతాదంతా సులువే.

ఎత్తు ఎప్పుడూ పెరుగుదల ఆగాకే, సెప్టెంబరు దాటి ఆకు పసుపెక్కే లోపు తీసుకో. వంగిన కాండాన్ని నిలువునా కొలుస్తున్నావా, కాండం వెంబడా అన్నది ఫారం మీద రాసిపెట్టు. లావు వెర్నియర్ కాలిపర్స్‌తో, గుర్తు పెట్టిన చోటే. నంబరు బిళ్లను తీగతో బిగించకు. కాండం లావెక్కి తీగ దిగిపోయిన మొక్కలు చూశాను, చేసింది నేనే.

భూమిలో నీటిమట్టం చూడ్డానికి పాతిన పైపు దగ్గర, దాని పై అంచు నుంచి నీటి దాకా కొలిచి, నేల పైకి ఉన్న పైపు పొడవు తీసెయ్యాలి. మరిస్తే నీరు ఉన్నదానికంటే లోతుకు పోయినట్టు కనిపిస్తుంది, మీటింగులో అందరికీ టెన్షన్. నీరు నిలవ ఉన్న చోట విల్లో చెట్టు ఓర్చుకుంటుంది, కాటన్‌వుడ్ మొక్క పసుపెక్కి చస్తుంది. ఆ చావును పశువులు మేసిన ఖాతాలో రాయకు.

కంచె బయట ప్లాటు మధ్యాహ్నం ఎండలో చివరికి మిగులుతుంది. అలిసిపోయి గబగబా కానిచ్చేస్తారు అందరూ. నువ్వు దాన్ని పొద్దున్నే ముందు చెయ్యి. బయట ఏమైందో తెలియకపోతే కంచె వల్ల ఏం లాభమో ఎవరు చెప్పగలరు?

గట్టి బూట్లు కొనుక్కో. అక్కడ గోట్‌హెడ్ అంటారు గానీ, అది అచ్చం మన పల్లేరుకాయే. మొదటి రోజు నింపిన ఫారం ఫొటో తీసి నాకు పంపు, సాయంత్రం ఖాళీగానే ఉంటాను.

పెదనాన్న