చిట్టీ, శత్రువుల హెల్త్ పెంచడం ఆపు ముందు

చిట్టీ, ఆదివారం గుంటూరు వచ్చినప్పుడు నువ్వు తయారుచేస్తున్న గేమ్ ఆడాను కదా, అందరూ ఉన్నారని ఏం మాట్లాడలేదు, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

కోల్డ్ స్టోరేజీ లెవెల్ అదిరింది. మిర్చి టిక్కీల (బస్తాల) వరసలు, మధ్యలో ఆ ఇరుకు సందులు, పైన ఆ ఎర్ర లైటు, మన ఊరు ఒక షూటర్ గేమ్‌లో చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు, ఎంత సంతోషమేసిందో. కానీ మూడో లెవెల్‌కొచ్చేసరికి విసుగొచ్చిందమ్మా. కష్టంగా ఉండి కాదు, ఒకటో లెవెల్లో వచ్చిన తుపాకీ వాడే మళ్ళీ వచ్చాడు, వాడికి హెల్త్, అంటే చావడానికి తగలాల్సిన దెబ్బల లెక్క, మూడింతలు చేశావు అంతే, నేను చేసే పని ఏం మారలేదు, టిక్కీల వెనక నక్కడం, లేచి కాల్చడం, మళ్ళీ నక్కడం, కాకపోతే ఎక్కువ సేపు.

డూమ్ 2 అనే షూటర్ గేమ్ ఒకసారి కూర్చుని ఆడు, 1994 నాటిది, దానికి జనం ఇప్పటికీ మ్యాపులు (కొత్త లెవెల్స్) చేస్తూనే ఉన్నారు. అందులో బేరన్ ఆఫ్ హెల్ అనే రాక్షసుడికి హెల్త్ 1000, ఆర్చ్ వైల్ అనే ఇంకో రాక్షసుడికి 700. మరి ఎవడు కనిపిస్తే గుండె జారుతుంది? ఆర్చ్ వైలే. బేరన్ ఆకుపచ్చ నిప్పు బంతి విసురుతాడు, పక్కకి జరిగితే సరి, జాగా ఉంటే వాడి చుట్టూ తిరుగుతూ కాలుస్తూ ఉండటమే. ఆర్చ్ వైల్ కంట పడ్డావంటే నీ చుట్టూ మంట లేస్తుంది, అది పేలేలోపు గోడ చాటుకి పోయావా బతికావు. పైగా నువ్వు చెమటోడ్చి చంపినవాళ్ళని లేపుకుంటూ వస్తాడు. దాంతో రూమ్‌లో అడుగు పెట్టగానే ముందు ఎవడ్ని వేసెయ్యాలి, ఏ గోడ దగ్గరగా ఉంది, రాకెట్లు ఎన్ని మిగిలాయి అని బుర్ర తిరగడం మొదలవుతుంది. నేను కష్టం అనేది దాన్నే. అందులోనే హెల్ నైట్ ఉన్నాడు, కొట్టేది బేరన్ దెబ్బే, హెల్త్ మాత్రం 500, నా ఓటు వాడికే.

నీకు కొత్త శత్రువులు అక్కర్లేదు, ఉన్న ముగ్గురూ బంగారం లాంటోళ్ళు. తుపాకీ వాడు మనల్ని టిక్కీల వెనక్కి తోస్తాడు, నాటు బాంబు వాడు అక్కడ్నుంచి బయటికి లాగుతాడు, కత్తి వాడు ఎక్కడా నిలవనివ్వడు. నువ్వేమో ఒక్కో రూమ్‌లో ఒక్కో రకాన్నే పెట్టావు! బాంబు వాణ్ణి పై రాక్ మీద నిలబెట్టి, కింద సందు చివర ఒక్క తుపాకీ వాణ్ణి పెట్టి చూడు, హెల్త్ ముట్టుకోకుండానే ఆ లెవెల్ మారిపోతుంది.

ఇంకోటి, ఇది మాత్రం కచ్చితంగా మార్చు. రెండో షట్టర్ తీయగానే వెనక నుంచి తగిలిన దెబ్బకి చచ్చాను, చచ్చాక కూడా ఎవడు కాల్చాడో తెలీలేదు. డూమ్‌లో ఇంప్ అనే చిన్న రాక్షసుడు విసిరే నిప్పు కంటికి కనిపిస్తుంది, తప్పుకోవచ్చు, నీ తుపాకీ వాడిది హిట్‌స్కాన్, వాడు నొక్కడం మనకి తగలడం ఒకేసారి. అలాంటివాడు కాల్చే ముందు కాస్త ఆగాలి, తుపాకీ ఎత్తడం కనపడాలి, ఒక కేక వెయ్యాలి. 2005లో వచ్చిన ఫియర్ అనే గేమ్‌లో సైనికులు ఒకళ్ళకొకళ్ళు అరుచుకుంటూ ఉంటారు, వాళ్ళు అంత తెలివైనవాళ్ళలా అనిపించడానికి ఆ అరుపులూ ఒక కారణమే. "ఎవడ్రా అది" అని మీ తమ్ముడి చేత అరిపించి రికార్డ్ చెయ్యి, వాడి గొంతు సరిగ్గా సరిపోతుంది.

ఇక ఈజీ, హార్డ్ మోడ్‌ల సంగతి. అన్నిటికీ డ్యామేజ్‌ని (ఒక్కో దెబ్బకి పోయే హెల్త్‌ని) గుణించి వదిలేశావు. 1993 డూమ్‌లో ఈజీలో అయినా హార్డ్‌లో అయినా ఇంప్ హెల్త్ 60 నుంచి మారదు, మారేది ఎవర్ని ఎక్కడ ఎంతమందిని పెట్టారన్నదే, మరీ ఈజీలో మాత్రం మనకి తగిలే దెబ్బ సగం, దొరికే తూటాలు రెట్టింపు. దగ్గర్నుంచి షాట్‌గన్ ఒక్కటి పేలిస్తే ఇంప్ సాధారణంగా పడిపోతాడని ఈజీలో నేర్చుకున్నవాడికి ఆ లెక్క హార్డ్‌లోనూ పనికొస్తుంది. నీ గేమ్‌లో హార్డ్ పెట్టగానే నేర్చుకున్నదంతా వేస్ట్ అయిపోతోంది.

నీకు ప్రతి మూలా కంఠతా కాబట్టి కష్టమెంతో నీకు తెలీదు, మీ కాలేజీలో షూటర్లు ఆడని పిల్లల్ని ఇద్దర్ని కూర్చోబెట్టు, నువ్వు వెనక నిలబడి నోరు మెదపకు, చచ్చిపడ్డప్పుడు "అయ్యో తొందరపడ్డా" అంటే ఆ చోటు జోలికి పోకు, "ఏమైంది ఇప్పుడు?" అన్నారంటే వెంటనే రాసుకో.

ముందు మూడో లెవెల్ ఒక్కటే మార్చు. దసరాకి బెజవాడ వస్తావుగా, ల్యాప్‌టాప్ తెచ్చుకో, బాస్ ఫైట్ గురించి అప్పుడు కూర్చుని మాట్లాడదాం.

బాబాయ్
పటమట