ఊరికి తిరిగి రావాలనుకునేవాళ్ళు అమెరికా పౌరసత్వం తీసుకోవచ్చా?

మీది పర్లాకిమిడి. అమెరికాలో పధ్నాలుగేళ్ళు, గ్రీన్‌కార్డు వచ్చి ఆరేళ్ళు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలా వద్దా అని అడిగారు. "పాస్‌పోర్టు వదిలేస్తే ఊరు వదిలేసినట్టే" అని నాన్నగారు అంటున్నారట. మీకేమో పదేళ్ళలో ఇటే వచ్చేయాలని ఉంది.

నాది బరంపురం. 1999లో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద వెళ్ళాను. 2010లో గ్రీన్‌కార్డు వచ్చింది. 2019లో అమెరికా పౌరుణ్ణయ్యాను. 2021 నుంచి మళ్ళీ బరంపురంలోనే, అమ్మ దగ్గర ఉంటున్నాను. ఈ వరస చూసి మా బావ ఇప్పటికీ నవ్వుతాడు, "సొంతింటికి రావడానికి పరాయి దేశం వాడివయ్యావురా" అని. ఎగతాళికన్నా, అన్నది నిజమే.

గ్రీన్‌కార్డు పేరులో శాశ్వత నివాసం అని ఉంటుంది గానీ ఆ శాశ్వతం మనం అక్కడ ఉన్నంతసేపే. 2016లో నాన్నకి పక్షవాతం వచ్చింది. జీతం లేని సెలవు పెట్టి వచ్చి ఏడు నెలలు ఉండిపోయాను. తిరిగి వెళ్ళినప్పుడు విమానాశ్రయంలో అధికారి కార్డు అటూ ఇటూ తిప్పి, "అసలు నువ్వు ఎక్కడ ఉంటున్నావు?" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. కానీ ఇంటి కాగితాలు, ఉద్యోగం ఉత్తరం తీసి చూపిస్తుంటే నా చెయ్యి వణికింది. ఏడాది దాటి బయట ఉండాలంటే రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రానిచ్చే అనుమతి కాగితం, కావాలి. అది అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసుకోవాలి, మహా ఇస్తే రెండేళ్ళకి ఇస్తారు. మంచాన పడ్డ తండ్రి అన్నేళ్ళకే బాగవుతాడని ఎవరు చెప్పగలరు? అమ్మానాన్నల్నే అక్కడికి తీసుకుపోవచ్చు కదా అంటారు. పౌరుడైతే వాళ్ళకి గ్రీన్‌కార్డు తెప్పించొచ్చు కూడా, ఉత్త గ్రీన్‌కార్డుతో అదీ కుదరదు. కానీ మా అమ్మ అక్కడి చలికాలం ఒక్కటి చూసి, మా ఊరి జాతర ఠాకురాణి యాత్ర వంక పెట్టి వచ్చేసింది. మళ్ళీ విమానం ఎక్కలేదు.

నాకు అర్హత 2015లోనే వచ్చింది. మూడేళ్ళు ఆగింది మా తాతయ్య వల్ల. ఆయన 1930లలో గోపాలపూర్‌లో స్టీమరెక్కి రంగూన్ పోయి, బియ్యం మిల్లులో లెక్కలు రాసినవాడు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చి పౌరసత్వ చట్టం చేసినప్పుడు, "మనం ఎప్పటికైనా పోయేవాళ్ళమే కదా" అని దరఖాస్తు పెట్టలేదు. విదేశీయుడిగా నమోదు కార్డు పట్టుకునే ఉండిపోయాడు. 1962లో నే విన్ సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు, మిల్లులు జాతీయం చేశారు, ఆ మేలో 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. తాతయ్య ఓ ట్రంకు పెట్టెతో దిగాడు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చినవాళ్ళదే.

ఈ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. చిక్కల్లా, దాన్నుంచి ఒక్కొక్కరు ఒక్కోటి తీసుకున్నారు. నాన్న అనేవాడు, "ఆ కాగితం తీసుకోకపోబట్టే అన్నీ పోయాయి." అమ్మ అనేది, "తీసుకోలేదు కాబట్టే మనిషి ఇంటికొచ్చాడు." ఇద్దరిదీ సబబుగానే ఉన్నప్పుడు దరఖాస్తు ఎలా నింపుతాం? అయినా మన గంజాం జిల్లా వాళ్ళకి కాగితం మారడం కొత్తా? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్నవాళ్ళం ఒరిస్సాలో లేచాం. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ప్రమాణమూ చేయలేదు. ఇంట్లో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. నాన్నగారితో ఈ ముక్క అనిచూడండి, మా నాన్న దగ్గర కొంచెం పనిచేసింది.

దరఖాస్తు సంగతి పెద్దగా చెప్పను, మీకు అక్కడ చెప్పేవాళ్ళు బోలెడు మంది. ఎన్‌-400 ఫారం. నేను కట్టినప్పుడు 725 డాలర్లు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో 710. అప్పుడు అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద పెట్టే పరీక్షలో పది ప్రశ్నల్లో ఆరు చెబితే చాలు. 2025 అక్టోబర్ 20 తరవాత పెట్టినవాళ్ళని 128 ప్రశ్నల్లోంచి ఇరవై దాకా అడుగుతారు, పన్నెండు చెప్పాలి. ఒక్కటి మాత్రం చూసుకోండి. గడిచిన అయిదేళ్ళలో ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే, నివాసం మధ్యలో తెగిందనే వాళ్ళు మొదలుపెడతారు. తెగలేదని మనమే రుజువు చూపాలి. ఆ ఏడు నెలలకి నేను పన్ను రిటర్న్‌లు, ఇంటి అద్దె చీటీలు, కంపెనీ ఇచ్చిన సెలవు ఉత్తరం అన్నీ పెట్టాను.

పన్నులకి భయపడి ఆగొద్దు. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకి లెక్క చెప్పడం గ్రీన్‌కార్డు ఉన్నవాడికీ తప్పదు. బయటి బ్యాంకు ఖాతాల్లో అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఏటా చెప్పాల్సిందే. గడిచిన పదిహేనేళ్ళలో ఎనిమిదేళ్ళు గ్రీన్‌కార్డు ఉన్నవాడు దాన్ని వదులుకునేటప్పుడు కూడా, పౌరుడు పౌరసత్వం వదులుకున్నప్పటి పన్ను లెక్కలే చూస్తారు. మీకింకా ఆరేళ్ళే కదా, ఆ ఎనిమిదో పన్ను సంవత్సరం మొదలవకముందే ఏదో ఒకటి తేల్చుకోవడం నయం.

మన పౌరసత్వం లాగేసుకునేది అమెరికా అని చాలామంది అనుకుంటారు. కాదు, మన చట్టమే. రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్. ఇంకో దేశం పౌరసత్వం మనంతట మనం తీసుకుంటే మనది ఆ క్షణానే పోతుంది. అందుకని అమెరికా పౌరుడిగా ప్రమాణం అయ్యాక మన పాస్‌పోర్టుతో ప్రయాణం పెట్టుకోకండి, అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోండి. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుకి అది కావాలి. నా పాత పాస్‌పోర్టు రద్దు ముద్రతో పోస్టులో తిరిగొచ్చింది. అందులో పుట్టిన చోటు బరంపురం, ఒరిస్సా అని ఉంది. కొత్తదాంట్లో ఇండియా అని ఉంది, అంతే. బయట పుట్టినవాళ్ళకి దేశం పేరే వేస్తారు. ఇంత చిన్నదానికి అంత బాధ పడతానని నేననుకోలేదు.

ఓటు పోయింది. ఎన్నారైగా ఉన్నప్పుడు పేరు నమోదు చేయించుకుని, స్వయంగా వచ్చి వేయొచ్చు. నేను ఒక్కసారీ వచ్చింది లేదు. అయినా 2024 మే 13న అమ్మని బూత్‌కి తీసుకెళ్ళి బయట చెట్టు కింద నిలబడ్డప్పుడు, వేలికి సిరా చుక్కతో వస్తున్న ప్రతివాడి మీదా అసూయ పుట్టింది.

ఇక ఓసీఐ. జీవితకాల వీసా అంటారు, అదీ నిజమే. కానీ అది వీసాయే, హక్కు కాదు. నాన్న 2020 మే రెండో వారంలో పోయాడు. కరోనా వల్ల మార్చి 13 నుంచే ఓసీఐ వాళ్ళ ప్రవేశం ఆపేసి ఉంచారు. మేలో బయట చిక్కుకున్నవాళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి గానీ అవి ముందు భారత పౌరులకి. చావుల్లాంటి అవసరాలకి ఓసీఐ వాళ్ళనీ రానిస్తామని చెప్పింది మే 22న. అప్పటికి ఇక్కడ తమ్ముడి చేత కర్మలు చేయించేశారు. నేను ఫోన్‌లో చూశాను. భారత పౌరుడిగానే ఉండి ఉంటే సీటు దొరికేదా? చెప్పలేను. అడిగే వీలైనా ఉండేది. మీ నాన్నగారి మాటలో నిజం ఏ మేరకుందో నాకు ఆ పది రోజుల్లో తెలిసింది. దాన్ని కొట్టిపారేయకండి.

అయినా ఇప్పుడు మళ్ళీ అడిగితే నేను తీసుకుంటాననే అంటాను. మా ఆవిడ ఉద్యోగం అక్కడే, అమ్మాయి కాలేజీ అక్కడే. ఏడాదికి రెండుసార్లు వెళ్తాను, మిగతా నెలలన్నీ ఇక్కడే. రెండు దేశాల్లోనూ రిటర్న్‌లు వేయాలి, అదో తలనొప్పి. కానీ ఏ విమానాశ్రయంలోనూ "ఎక్కడ ఉంటున్నావు" అన్న ప్రశ్నకి చెయ్యి వణకదు. గ్రీన్‌కార్డే ఉంచుకుని ఉంటే ఈపాటికి దాన్నో అమ్మనో, ఏదో ఒకటి వదిలేవాణ్ణి.

మీ ఇంటిల్లిపాదీ ఒకేసారి తిరిగొచ్చేసి, మళ్ళీ అటు మొహం చూడబోమంటే వేరే మాట. పిల్లలకి ఎన్నేళ్ళో మీరు రాయలేదు. పదేళ్ళ తరవాత వాళ్ళు మీతో వస్తారని నమ్మకంగా అనగలిగితే దరఖాస్తు పెట్టకండి, ముఖ్యంగా పొలం కొని సేద్యం చేయాలన్న కోరిక ఉంటే. ఇప్పుడు ఎన్నారైగా మీరూ సాగుభూమి కొనలేరు, ఓసీఐ వాళ్ళూ కొనలేరు. తేడా వచ్చేది ఇక్కడికొచ్చి స్థిరపడ్డాక. భారత పౌరుడు అప్పుడు కొనుక్కోవచ్చు, ఓసీఐ మనిషికి ఇక్కడే కాపురమున్నా అంత సులువు కాదు. తీసుకున్నాక మనసు మారితే వెనక్కి దారి లేకపోలేదు. ఓసీఐ నమోదై అయిదేళ్ళు నిండి, దరఖాస్తుకి ముందు ఏడాది ఇక్కడున్నవాళ్ళు మళ్ళీ భారత పౌరసత్వం అడగొచ్చు. అది వస్తే ఆ దేశానిది వదలాలి. నాకు తెలిసి మా చుట్టాల్లో ఎవరూ ఆ దారి పట్టలేదు.

నాన్నగారి పేరున పొలం ఉందన్నారు. అక్కడ నేను దెబ్బతినబోయాను. ఇచ్ఛాపురం దగ్గర మాకు ఎకరా అరవై సెంట్లు. 2019లో నాన్న అది నా పేర దానపత్రం రాసేస్తానన్నాడు. దస్తావేజులు రాసే ఆయన కూడా "తండ్రి కొడుక్కిస్తే ఎవరడుగుతారండీ" అని స్టాంపు కాగితాలు తెచ్చేశాడు. అడుగుతారు. బయట ఉండేవాళ్ళకి, ఎన్నారై అయినా ఓసీఐ అయినా, సాగుభూమి దానంగా ఇవ్వడం ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం, కింద కుదరదు. ఇల్లు, ఇంటిస్థలం అయితే ఇవ్వొచ్చు. పొలం వారసత్వంగా మాత్రమే వస్తుంది. ఆ కాగితాలు పక్కన పెట్టించి, వీలునామా రాయించి రిజిస్టర్ చేయించాం. ఇప్పుడది నా పేరునే ఉంది, కౌలుకిచ్చాను. అమ్మాలంటే ఇక్కడ కాపురముండేవాళ్ళకే అమ్మాలి.

కాబట్టి మీరు తీసుకున్నా, తీసుకోకపోయినా, ఈసారి ఊరికొచ్చినప్పుడు నాన్నగారితో ముందు వీలునామా మాట కదపండి. అది మాట్లాడేటప్పుడు పౌరసత్వం సంగతి తీయకండి. రెండూ కలిస్తే ఆయనకి వేరేగా వినిపిస్తుంది.