భర్త పేరిట ఉన్న ఫ్లాటులో భార్యకు సగం వస్తుందా?

కూకట్‌పల్లి ఫ్లాటు భర్త పేరిట ఉందని, వాయిదాలు ఇద్దరూ కట్టారని, ఆయన విడాకులకు ఒప్పుకోవడం లేదని, సగం వస్తుందా అని అడిగారు. గోవాలో తప్ప, పెళ్లయినంత మాత్రాన ఆస్తి సగంసగం చేసే చట్టం మనకు లేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షను పెళ్లి సమయంలో ఉమ్మడిగా ఇచ్చిన వస్తువులకే పరిమితం కనుక, ఫ్లాటులో వాటా కోసం ఫ్యామిలీ కోర్టులో దావా వేసి, మీ జీతం ఖాతా నుంచి నెలనెలా వాయిదా వెళ్లినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఒక్క నెల కూడా వదలకుండా, సమర్పించాలి. పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం. అది అత్తగారి లాకరులో ఉన్నా పూర్తిగా మీదే. భరణం కోరితే, 2020 నాటి రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇరువురూ ఆస్తి అప్పుల ప్రమాణపత్రం దాఖలు చేయాలి. ఆయన లెక్కలను నిలదీసే అవకాశం అక్కడే దొరుకుతుంది కాబట్టి, దానిని న్యాయవాదితో కూర్చుని వరుస వరుసా చదవండి.