పెంపుడు కుక్క మోకాలి శస్త్రచికిత్సకు డిపాజిట్ రద్దు చేయాలా?

ప్రశ్న: మేము విశాఖపట్నం సీతమ్మధారలో, లిఫ్టు లేని అపార్టుమెంటులో రెండో అంతస్తులో ఉంటాము. ఆరేళ్ల మా లాబ్రడార్‌కు వెనుక కాలి మోకాలిలో లిగమెంటు తెగింది. బరువు 41 కిలోలు. శస్త్రచికిత్సకు 80,000 రూపాయలు అవుతుందన్నారు. నాలుగు నెలల్లో గడువు తీరే 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ 7 శాతం వడ్డీపై ఉంది. దానిని రద్దు చేయాలా, క్రెడిట్ కార్డు వాడాలా?

జవాబు: రెండూ వద్దు. డిపాజిట్‌ను ఇప్పుడు రద్దు చేస్తే, మీకు కావలసింది 80,000 రూపాయలే అయినా, వడ్డీ కోత మొత్తం 3 లక్షల మీద పడుతుంది. కార్డు బాకీ గడువు దాటితే నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ ఉంటుంది కాబట్టి నెలకు 2,800 రూపాయలు వడ్డీకే పోతాయి. అదే డిపాజిట్‌ను హామీగా పెట్టి బ్యాంకులోనే రుణం తీసుకుంటే, సాధారణంగా డిపాజిట్ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. 8 శాతం అనుకుంటే నాలుగు నెలల వడ్డీ సుమారు 2,130 రూపాయలు. ఆ 80,000 పైనే డిపాజిట్‌లో మీకు సుమారు 1,870 రూపాయలు వస్తూనే ఉంటాయి.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 80,000 అన్న అంకె. ఆపరేషన్ తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు వారాలు కుక్కను పరుగెత్తనీయకుండా, మెట్లు ఎక్కనీయకుండా చూసుకోవాలి; ఆ కాలంలో నొప్పి మందులు, వాటికి ముందు కాలేయం, మూత్రపిండాల రక్తపరీక్షలు, మళ్లీ ఎక్స్‌రే, ఫిజియోథెరపీ ఉంటాయి. ఇవి అంచనాలో కలిశాయో లేదో వైద్యుణ్ని విడిగా అడిగి, రాయించుకోండి. కింద అంతస్తులో ఎవరైనా బంధువులు ఉంటే ఆ మూడు నెలలు అక్కడ ఉంచడం మేలు. లేకపోతే పాత తువ్వాలును పొట్ట కింద నుంచి వేసి వెనుక భాగాన్ని పైకి పట్టుకుని దింపాలి. జారే టైల్స్ మీద గోనెసంచులు పరిచినా చాలు.

ఒక మోకాలి లిగమెంటు తెగిన కుక్కల్లో దాదాపు సగానికి తర్వాత రెండోదీ దెబ్బతింటుంది. బీమా ఇప్పుడు తీసుకున్నా, ముందే ఉన్న సమస్యను పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. అందుకే డిపాజిట్ గడువు తీరి రుణం తీరిన నెల నుంచే 3,000 రూపాయల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. రెండేళ్లలో 72,000 రూపాయలు, ఆపై వడ్డీ.

కీళ్ల మాత్రలకు నెలనెలా పెద్ద మొత్తం పెట్టే ముందు, చేపనూనెకు ఉన్నంత ఆధారం ఆ మాత్రల్లో ఉండే గ్లూకోసమైన్‌కు లేదని గుర్తుంచుకోండి. మనుషులు నొప్పికి వాడే ఐబుప్రోఫెన్ మాత్ర మాత్రం ఎన్నడూ వేయకండి. కుక్కకు అది విషం. 41 కిలోలు లాబ్రడార్‌కు ఎక్కువ. వైద్యుడు చెప్పిన కొలత ప్రకారం తిండి తగ్గిస్తే రెండో మోకాలిపై భారం తగ్గుతుంది, తిండి ఖర్చూ తగ్గుతుంది. నడక అనుమతించిన తర్వాత కూడా కొన్నాళ్లు ఆర్కే బీచ్ ఇసుకలోకి దించకుండా, పక్కనే ఉన్న చదునైన దారిలో గొలుసు పట్టుకుని నెమ్మదిగా నడిపించండి.