కొండల్లో వేడినీటి గుంటల్లో బట్టల్లేకుండా దిగొచ్చా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

బట్టలు మీ ఇష్టం అనే చోట్లు నిజంగానే ఉన్నాయండి, అమెరికాలో ఓరెగాన్ అడవుల్లో ఉన్న టెర్విలిగర్ అలాంటిదే, అక్కడ గుంటలు మెట్లుమెట్లుగా ఉంటాయి, పైదాంట్లో నీళ్లు బాగా వేడి, కిందికి వచ్చేకొద్దీ చల్లబడతాయి కాబట్టి కిందనుంచే మొదలుపెట్టండి. అన్నిచోట్లా ఒప్పుకోరు, బోర్డు చూశాకే విప్పండి. ఫోన్ మాత్రం బ్యాగులోంచి తీయొద్దు ప్లీజ్.

అసలు భయపడాల్సింది తల ముంచడానికి. నెగ్లీరియా ఫౌలెరి అనే అమీబా గోరువెచ్చటి నీళ్లలో ఉంటుంది, ముక్కులోకి నీళ్లు పోతే అక్కణ్ణించి మెదడుకి ఎక్కుతుంది, చాలా అరుదే కానీ వస్తే బతకడం కష్టం, అందుకే మెడ దాకా చాలు. 40 డిగ్రీలు దాటితే ఎక్కువసేపు కూర్చోకండి, కళ్లు తిరుగుతాయి, లేచి వెంటనే పక్కనున్న చల్లటి ఏట్లోకి దూకడం గుండెకి మంచిది కాదు. వెండి గొలుసుంటే తీసేయండి, గంధకం నీళ్లకి నల్లబడిపోతుంది.