తాడు బిగిసిన చోట మొదలుపెట్టండి

బ్రాడీపేట, గుంటూరు.

సోదరునికి నమస్కారం.

విజయవాడ నుంచి మీరు పంపిన మీ సైనిక జ్ఞాపకాల రాతప్రతిని రెండుసార్లు చదివాను. సియాచిన్ హిమానీనదాన్ని మన సైన్యం అధీనంలోకి తెచ్చుకోవడానికి 1984 ఏప్రిల్ 13న మొదలుపెట్టిన ఆపరేషన్ మేఘదూత్ గురించిన తొలి ఇరవై పేజీల్లో తప్పులేమీ లేవు గాని, సియాచిన్ ముఖమెరుగని నేనైనా గ్రంథాలయంలో కూర్చుని వాటిని రాయగలను. మంచు పగుళ్ళలోకి ఒకరు జారితే మిగిలినవారు ఆపగలిగేలా అందరూ ఒకే తాడుకు కట్టుకుని నడిచారనీ, వెనుకవాడు అలసి ఆగితే ఆ సంగతి ముందుగా మీ నడుముకే తెలిసేదనీ రాసిన నాలుగు వాక్యాల దగ్గర మాత్రం కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మీ పుస్తకం అక్కడ మొదలు కావాలి.

నిష్ఠూరమైనా ఒక మాట చెప్పాలి. మీరు సియాచిన్ మీది ఆ సైనిక కావలి పోస్టులో ఉన్నది 2008లో; 2003 నవంబరు నుంచి అక్కడ కాల్పుల విరమణ అమలులో ఉంది. అయినా ఏడో అధ్యాయంలో రాత్రంతా తుపాకులు మోగాయి. ఆ మోత మీరు సినిమా హాల్లో విన్నదేమోనని నా అనుమానం. ఆ హిమానీనదం మీద తూటాల కన్నా చలి, హిమపాతాలు, పలచని గాలి ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి కనుక, శత్రువు కంటపడని ఆ కావలినీ, కిరోసిన్ స్టవ్ మసికి నల్లబడిన కఫాన్నీ, తెల్లవారదేమోననిపించిన రాత్రులనీ రాయండి. బెజవాడ మే నెల ఎండలో కూర్చుని చలిని తలచుకోవడం కష్టమేననుకోండి!

56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాతో మీరు అమ్మగారికి రాసిన ఉత్తరాలు ఇంట్లో ఉంటే బయటికి తీయించండి. "ఇక్కడ అంతా క్షేమం" అని రాసిన ప్రతి ఉత్తరం పక్కనా ఆ రోజు నిజంగా ఏం జరిగిందో రాయండి. పోస్టుల స్థానాలు, బలగాల సంఖ్య మాత్రం కొట్టివేయండి; 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమలులోనే ఉంది, పైగా కథకు వాటి అవసరమూ లేదు.

తెనాలి కుర్రవాణ్ణి "వీరమరణం పొందాడు" అన్న ఒక్క మాటతో సాగనంపేశారు. అతడు నిద్రలో ఏం గొణిగేవాడో, ఎవరి దగ్గర ఎంత అప్పుపడ్డాడో మీకు తెలియకుండా ఉండదు. సెలవులో వచ్చినప్పుడు వాళ్ళమ్మను చూడటానికి వెళ్ళారా? వెళ్ళకపోతే, గంట ప్రయాణం కూడా లేని ఆ ఊరికి ఎందుకు వెళ్ళలేకపోయారో రాసి, ఆ అధ్యాయం ఒక్కటీ ముందుగా నాకు పంపండి.