పన్నెండో రోజు నుంచి

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. నాయిన దినాలు అయిపోయినయి, అమ్మను హైదరాబాద్ తీసుకపోవాల్నా, ఊళ్లనే ఉంచాల్నా అని అడిగినవ్. నీకూ తమ్మునికీ మాటలు తగ్గిన సంగతి చివర్ల ఒక్క వాక్యంల రాసినవ్. నా లెక్కల రెండూ ఒక్కటే చిక్కు. సావు ఇంటికి పదకొండు రోజులు ఊరంతా వస్తది. పన్నెండో నాడు టెంటు పోతది, కుర్చీలు పోతయి, చుట్టాలు బస్సెక్కుతరు. అసలు కష్టం ఆ నాడు మొదలైతది, అప్పటికి మీ ఒంట్ల శక్తి ఉండదు. ఉన్న బలాన్ని ఏడాది పొడుగునా పరచుకోవాలె.

అమ్మను ఇప్పుడే పట్నం తేకు. నిద్రకు మా ఇంటికో, మీ మేనమామ ఇంటికో ఒకట్రెండు రాత్రులు వచ్చిపోతే మంచిదే. గాని ఇంటికి తాళమేసి మూడో అంతస్తుల కూసోబెడితే, మొగనితోపాటు వాకిలి, బర్రె, పక్కింటి ముచ్చట అన్నీ ఒక్కసారే పోతయి. ఆరు నెలలన్నా ఆగు. ఒక వారం నువ్వు, ఒక వారం తమ్ముడు, శనివారం సాయంత్రం దేవరకొండ బస్సుకు వచ్చి సోమవారం తెల్లారి పోండ్రి. ఎవరి వంతు ఏ తారీఖో కాగితం మీద రాసి అమ్మకు కనబడేటట్టు గోడకు అంటించు. "వీలైతే వస్త" అనే మాటకంటే రాననుడు నయం.

ఫోన్ పొద్దున చెయ్యకు. నాయిన తోట కాడి నుంచి ఇంటికొచ్చే యాళ్లకు చెయ్యి, ఇల్లు బోసిగ అనిపించేది అప్పుడే. "తిన్నవా?" అంటే "తిన్న" అంటది, ముచ్చట అక్కడికే అయిపోతది. "ఏం కూర వండినవ్?" అని అడుగు. తడుముకున్నదంటే వండలేదన్నట్టు. ఇద్దరికి వండిన చేతికి ఒక్కరి కొలత దొరకదు. రెండు రోజులు అన్నం మిగిలి పారబోస్తది, మూడోనాడు పొయ్యే ముట్టియ్యదు, తొక్కు మెతుకులతోని సరిపెట్టుకుంటది. పోయినప్పుడల్లా ఆమె బీపీ గోలీల పట్టీ లెక్కపెట్టు. రోజుకొకటి వేసుకునే పదిహేను గోలీల పట్టీ తెచ్చి పది రోజులైతే అయిదే మిగలాలె. ఎనిమిది ఉన్నయంటే మూడు రోజులు మింగలేదన్నట్టు. చాలా ఇండ్లల్ల గోలీ యాది చేసేది ఆ పోయిన మనిషే, ఆ సంగతి ఎవరికీ తట్టదు.

"ఏడ్వకు, ధైర్యంగ ఉండు" అనకు. దాంతోని దుఃఖం ఆగదు, నీ ముంగట ఏడ్చుడు ఆగుతది, అంతే. నాయిన పేరు తీసే మాట్లాడు. బత్తాయి చెట్లకు పాదులు ఎట్ల చేసేటోడో అడుగు, చెప్పనీ. నీ కొడుక్కు తాత "నిద్రపోయిండు" అని చెప్పినవట. మార్చుకో, పిలగాడు పండుకోవడానికే భయపడతడు. "ఊరికి పోయిండు" అన్నా తప్పే, వాకిట్ల చూసుకుంటనే ఉంటడు. చనిపోయిండు, ఒళ్లు పనిచేసుడు ఆగిపోయింది, ఇగ రాడు. పదిసార్లు అడిగితే పదిసార్లూ ఇదే చెప్పు.

ఇగ తమ్ముడు. దవాఖానల డబ్బు పెట్టింది నువ్వు, రాత్రులు కావలి ఉన్నది వాడు. నీది లెక్కకొస్తది, వానిది రాదు. వాని ముభావం అక్కడిదే అనుకుంట. ఒక నోటుబుక్కుల దవాఖాన, దినాలు, పాత అప్పు మూడూ వేరువేరుగ రాసి నెలలోపల కూసోండ్రి. లెక్క మొదలుపెట్టే ముందే "ఆ రాత్రులు నువ్వు లేకపోతే నా తోని కాకపోవు" అని చెప్పు. చెల్లెను కూడా పిలువు, గాని విరాసత్ (వారసత్వ) కాగితం ఆ నాడు బయటికి తియ్యకు. దినాల ఇంట్లనే ఆడబిడ్డను సంతకమడిగి జీవితాంతం మాటలు పోగొట్టుకున్నోళ్లు మన దిక్కు మస్తు మంది. నాయిన ఆస్తిల ఆమెకూ మీతోని సమానంగ హక్కున్నది. అప్పు మెడ మీద లేకపోతే పంపకం ఏడాది ఆగినా నష్టం లేదు.

ఆగనివి కొన్నున్నయి. మరణం 21 రోజులలోపల నమోదు చేయించాలె, దాటితే ఆలస్య రుసుము, అనుమతులు. దవాఖానల పోయిండు గనుక వాళ్లే పంపుతరు, అయినా పేరు స్పెల్లింగ్ ఆధార్‌తోని పోల్చి చూడు. నాయినకు యాభై ఆరే, బీమా వయసు దాటలేదు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్నది. సర్కారు రైతుబీమాల పేరుంటే 5 లక్షలు నామినీ ఖాతాల పడతయి, వ్యవసాయ విస్తరణాధికారిని కలువు. ఆ పైసలు అమ్మవి, అప్పులోళ్ల ముందర వాటి పేరెత్తకండ్రి.

భయపడాల్సింది ఏడుపుకు కాదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి రాకుంటే, "నేనెందుకున్న" అంటే, "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అమ్మా?" అని సూటిగ అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తది. అవునంటే ఒక్కదాన్నే ఉంచకు. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ 14416కు ఏ యాళ్లప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగుల మాట్లాడతరు, పైసలు లేవు. పత్తికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు మాత్రం అప్పటిదాక ఆగకుండ ఈ వారమే ఇంట్లకెళ్లి తీసెయ్.

నీ భార్యతోని ఒక మాట: "మాట్లాడబుద్ధి అయితలేదు, నీ మీద కోపం కాదు." ఇది చెప్పకపోతే ఆమె కోపమనే అనుకుంటది.

పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పొద్దున నాయిన పేర బియ్యమిస్తరు, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. రెండూ ఒక్కరోజే మీద పడతయి. అమ్మ పేర్చుతదా, ఆడుతదా, లోపలే ఉంటదా, వారం ముందుగాల ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడుగు, పదిమందిల కాదు. బొట్టు సంగతీ అంతే, ఆమె ఏమంటే అది. వాడకట్టోళ్లు ఏదన్న అంటే జవాబు చెప్పాల్సింది మీ అన్నదమ్ములే.

వచ్చే శనివారం నీ వంతేనాయె. గోలీలెన్ని మిగిలినయో చూసి నాకు రాయి.

మీ పెద్దమ్మ